మనసు లేని పని కపటమా?

ఇంట్లో ఒక ఆడమనిషి నెల రోజులుగా మునుపటిలా లేదనుకోండి. మంచం దిగదు, దిగినా జడ వేసుకోదు, పిలిస్తే పలకదు, పలికితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆ ఇంటికి వచ్చిపోయే వారందరూ ఆమెకు చెప్పే మాట ఒకటే: "లేచి నాలుగు పనులు చేసుకుంటే అన్నీ అవే సర్దుకుంటాయమ్మా." అత్తగారు చెబుతుంది, పక్కింటావిడ చెబుతుంది, పుట్టింటి నుంచి చూడవచ్చిన అన్నగారు చెబుతాడు. ఒక్కోసారి విచారణ గురువుల చేత కూడా ఆ మాటే చెప్పిస్తాం.

ఈ మాట వినీ వినీ విసిగిపోయిన ఆమె దగ్గరకు మానసిక వైద్యంలో తర్ఫీదు పొందిన మనిషి ఒకరు వచ్చి, "రేపు ఉదయం ఏడు గంటలకు వాకిట్లో కూర్చుని ఒక గ్లాసు టీ తాగుతారా?" అని అడిగితే ఆమెకు ఎలా ఉంటుంది? అత్తగారి మాటే చదువుకున్నవారి నోట వచ్చినట్టు ఉంటుంది. మానసిక క్రుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, ఈనాడు అనేక దేశాలలో వాడుకలో ఉన్న ఒక చికిత్స పైకి చూడడానికి సరిగ్గా ఇలాగే ఉంటుంది. దాని పేరు బిహేవియరల్ యాక్టివేషన్. మనిషిని తిరిగి తన జీవితంలోని పనులలోకి, మనుషులలోకి మెల్లగా తీసుకురావడం అని దాని అర్థం. అందులో మాత్రలు ఉండవు, చిన్ననాటి సంగతులు తవ్వడం ఉండదు. ఈ రోజు ఏం చేశారు, చేసేటప్పుడు మనసు ఎలా ఉంది, రేపు ఏం చేద్దాం అన్న ప్రశ్నల చుట్టూనే మాటలు సాగుతాయి.

మరి ఆ మాటకూ ఈ చికిత్సకూ తేడా ఏమిటి? తేడా ఉందనీ, అది చిన్నది కాదనీ, కేవలం వైద్యులకు వదిలేయదగినదీ కాదనీ నా అభిప్రాయం. దాని వెనుక మనం మన ఇళ్ళలో తేల్చుకోవలసిన రెండు నైతిక ప్రశ్నలు ఉన్నాయి. మనసు లేకుండా చేసిన పని కపటమా? ఇల్లాలు తన సంతోషం కోసం రోజులో కొంత సమయం తీసుకోవడం స్వార్థమా?

ముందు ఈ చికిత్స ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1973లో అమెరికాకు చెందిన చార్లెస్ ఫెర్‌స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి గమనించి రాశాడు. క్రుంగుబాటులో ఉన్న మనిషి చేసే పనులలో చాలా భాగం ఏదో ఒక మంచిని అందుకోవడానికి చేసేవి కావు, ఏదో ఒక బాధను తప్పించుకోవడానికి చేసేవి. ఈ మాట దగ్గర మన ఇళ్ళలోని వారు కొంచెం ఆగాలి. రాత్రి పదకొండు గంటలకు నడుము నొప్పితో గిన్నెలు తోముతున్న స్త్రీని చూసి, "ఈమెకు క్రుంగుబాటు ఏమిటి, ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు కదా" అంటాం. ఆమె తోముతున్నది తెల్లవారితే వినవలసిన మాటను తప్పించుకోవడానికైతే, ఫెర్‌స్టర్ లెక్కలో ఆ పని మంచం మీద ముసుగు తన్ని పడుకోవడం వంటిదే. రెండింటిలోనూ దక్కేది ఆ పూటకు తప్పించుకున్నామన్న ఊరట ఒక్కటే.

అదే కాలంలో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో పీటర్ లెవిన్‌సాన్ అనే ఆచార్యుడు ఇదే విషయాన్ని మరోవైపు నుంచి పట్టుకున్నాడు. మనం చేసే పనికి బదులుగా జీవితం ఏదో ఒకటి ఇస్తూ ఉండాలి. ఒక చిరునవ్వు, ఒక మంచి మాట, పని పూర్తయిన తృప్తి. ఆ రాబడి ఎండిపోతే మనిషి పని తగ్గిస్తాడు. పని తగ్గిస్తే రాబడి ఇంకా తగ్గుతుంది. ఈ దిగుడు మెట్లను ఎక్కడో ఒకచోట ఆపాలి. అందుకోసం ఆయనా ఆయన సహచరులూ మనుషులకు సంతోషాన్ని ఇవ్వగల పనుల పట్టిక ఒకటి తయారు చేశారు. అందులో 320 అంశాలు ఉన్నాయి. (మన తల్లులను కూర్చోబెట్టి, మీకు సంతోషం కలిగించేవి పది చెప్పండి అంటే ఐదింటి దగ్గర ఆగిపోతారేమో. ఆ ఐదింటిలో నాలుగు పిల్లల గురించే ఉంటాయి.)

తరువాత కొన్నేళ్ళు మనిషి ఆలోచనలను సరిదిద్దే చికిత్సలదే పైచేయి అయింది. 1996లో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్‌సన్ బృందం ఆ పెద్ద చికిత్సను భాగాలుగా విడదీసి, ఏ భాగం వల్ల ఎంత మేలు జరుగుతున్నదో పరీక్షించింది. పనులను తిరిగి మొదలుపెట్టించే భాగం ఒక్కటే ఇచ్చినా, మొత్తం చికిత్స ఇచ్చినంత మేలు కనబడింది. 2016లో ఇంగ్లాండులో 440 మందితో జరిగిన మరో పరిశోధన కూడా, ఎక్కువ శిక్షణ లేని కిందిస్థాయి ఉద్యోగులు చేయించిన ఈ సాదా చికిత్స, పెద్ద నిపుణులు చేసే చికిత్సకు తీసిపోలేదని చూపింది. పేద దేశాలకు ఇది పెద్ద కబురు. మానసిక వైద్యులు దొరకని ఊళ్ళలో కూడా ఈ పని చేయవచ్చు అన్నమాట.

మన దేశంలో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూసిన చోటు గోవా. పునీత ఫ్రాన్సిస్ జేవియర్ గారి భౌతిక దేహం కోసం మన విచారణల నుంచి బస్సులు కట్టించుకుని వెళ్ళే గోవాయే. అక్కడ డాక్టర్ విక్రమ్ పటేల్, సంగాత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష నడిపారు. జ్వరానికో, ఒళ్ళు నొప్పులకో ఆసుపత్రికి వచ్చినవారిని కొన్ని ప్రశ్నలు అడిగి, క్రుంగుబాటు బాగా ముదిరినవారిని సుమారు 500 మందిని గుర్తించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. సగం మందికి ఆరోగ్య కేంద్రంలో దొరికే మామూలు వైద్యం అందింది. మిగిలిన సగం మందికి దానితోపాటు స్థానికులైన సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఆరోగ్య కేంద్రంలోనో వారి ఇంటిలోనో కలిసి, ఈ చికిత్స చేశారు. ఆ సలహాదారులు డాక్టర్లు కారు. అంతకుముందు మానసిక వైద్యంతో వారికి పరిచయం లేదు. 2017లో అచ్చయిన ఫలితం ప్రకారం, మూడు నెలల తరువాత మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 39 మంది క్రుంగుబాటు నుంచి తేరుకుంటే, ఈ చికిత్స కూడా పొందినవారిలో నూటికి 64 మంది తేరుకున్నారు. నూటికి నూరు మంది కాలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇంతకీ ఆ ఆరేడు సమావేశాలలో ఏం జరుగుతుంది? ఎవరి ఇంటి సంగతో కాకుండా, మన విచారణలలో ఎక్కడైనా ఉండగల ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. కృష్ణా తీరాన ఒక చిన్న పట్టణం. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారు. రెండవ బిడ్డ పుట్టిన దగ్గర నుంచి ఆమెకు దేనిమీదా ఆసక్తి లేదు. సలహాదారు మొదట ఆమెకు నీతులు చెప్పదు. పెద్దవాడి పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు తీసుకుని, గంట గంటకూ ఏం చేసిందో, అప్పుడు మనసుకు సున్నా నుంచి పదిలో ఎన్ని మార్కులు వేస్తుందో రాయమంటుంది. చదువు రాని వారైతే బొమ్మలతో గుర్తులు పెట్టవచ్చు.

వారం తరువాత ఆ పుస్తకం తెరిచి చూస్తే అంతా ఒకటీ రెండూ మార్కులే. తెల్లవారుజామున కుళాయి నీళ్ళు పట్టడం, ఒకటి. క్యారేజీలు సర్దడం, రెండు. పదకొండు నుంచి మూడు దాకా పడుకోవడం, ఒకటి. చెల్లెలు ఫోన్ చేస్తే తీయకపోవడం, సున్నా. అయితే మంగళవారం సాయంత్రం ఒకచోట నాలుగు అని ఉంది. ఏమిటది? పక్కింటి పిల్ల కనకాంబరాలు తెస్తే దండ కట్టి ఇచ్చింది. అడగ్గా అడగ్గా ఇంకో సంగతి బయటపడుతుంది. పెళ్ళి కాకముందు ప్రతి శనివారం మరియమాత గుహకు దండ కట్టేది ఆమే. రెండవ కాన్పు తరువాత ఆ అలవాటు పోయింది. పోయిందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఆమె కూడా సరిగా గమనించలేదు.

చికిత్స ఇక్కడ మొదలవుతుంది. "గుడికి వెళుతూ ఉండు" అన్న సలహా ఇవ్వరు. శనివారం సాయంత్రం ఐదున్నరకు, పక్కింటి పిల్లతో కలిసి, అరుగు మీద కూర్చుని, ఒక మూర దండ. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఎంత అన్నది కాగితం మీద రాసుకుంటారు. ఆ అరగంట చంటిబిడ్డను ఎవరు చూస్తారు అన్న ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది, దాని జవాబు కూడా రాసుకుంటారు. శనివారం రాకముందే ఆమెకు దండ కట్టాలని అనిపించవలసిన అవసరం లేదు. అనిపించకపోయినా కూర్చోవాలి. కూర్చున్న తరువాత ఎన్ని మార్కులో చూడాలి. రెండే వస్తే రెండే. ఆ శనివారం ఆమె అసలు లేవలేకపోతే, "చెప్పిన మాట వినలేదే" అని గద్దించడం ఉండదు. ఏది అడ్డం వచ్చింది అని అడుగుతారు, పనిని ఇంకా చిన్నది చేస్తారు. దండ వద్దు, పూలు పళ్ళెంలో పోసుకుని కూర్చుంటే చాలు.

ఆ సున్నా మార్కుల ఫోన్ సంగతి కూడా వదలరు. చెల్లెలు "ఎలా ఉన్నావక్కా" అని అడుగుతుంది, అడిగితే ఏడుపు వస్తుంది, అందుకే తీయలేదు. తీయని ఆ నిమిషంలో హాయిగానే ఉంటుంది. పది నిమిషాల తరువాత, "దానికి కోపం వచ్చి ఉంటుంది, నాకు ఎవరూ లేరు" అన్న దిగులు పట్టుకుంటుంది. మరునాడు ఫోన్ తీయడం ఇంకా కష్టమవుతుంది. తప్పించుకోవడం వల్ల వచ్చే ఆ చిన్న ఊరటే గోతిని లోతుగా తవ్వుతున్నదని ఆమె తన పుస్తకంలో, తన చేతిరాతలోనే చూస్తుంది. అత్తగారు వందసార్లు చెప్పినా నమ్మని సంగతిని తన లెక్కే తనకు చూపిస్తే నమ్మడం తేలిక.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మనసు లేకుండా చేస్తే అది నటన కాదా? మన క్రైస్తవ కుటుంబాలలో ఈ సందేహం చాలా గాఢంగా ఉంటుంది. పెదవులతో కాదు, హృదయంతో ప్రార్థించాలని చిన్నప్పటి నుంచి సత్యోపదేశంలో నేర్చుకున్నాం. అందువల్ల క్రుంగుబాటులో ఉన్న స్త్రీ జపమాల పట్టుకోవడం మానేస్తుంది. "మనసు లేకుండా పూసలు తిప్పితే దేవునికి అబద్ధం చెప్పినట్టే" అంటుంది. పిల్లవాణ్ణి ఎత్తుకున్నా ప్రేమ పొంగడం లేదు కాబట్టి తాను చెడ్డ తల్లినని తీర్మానించుకుంటుంది.

కపటం అంటే ఏమిటో స్పష్టంగా చెప్పుకుంటే ఈ చిక్కు విడుతుంది. లేని భావాన్ని ఉన్నట్టు ఎదుటివారికి చూపించడం కపటం. భావం లేకపోయినా మంచి అని తెలిసిన పని చేయడం కపటం కాదు. రాత్రి రెండు గంటలకు బిడ్డకు జ్వరం వస్తే లేచే తల్లికి ఆ క్షణంలో పొంగే ప్రేమ ఏమీ ఉండదు, కళ్ళు మండే నిద్ర ఉంటుంది. అయినా లేస్తుంది. ఆమెను కపటి అని ఎవరంటారు? మత్తయి సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల కథ మనకు తెలుసు. తండ్రి ద్రాక్షతోటకు వెళ్ళమంటే ఒకడు వెళ్ళనన్నాడు, తరువాత వెళ్ళాడు. రెండవవాడు అలాగే నాన్నా అన్నాడు, వెళ్ళలేదు. తండ్రి చిత్తం నెరవేర్చినవాడు ఎవరని ప్రభువు అడిగినప్పుడు విన్నవారికి జవాబు చెప్పడం కష్టం కాలేదు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ మనిషి న్యాయవంతుడవుతాడని, క్రీస్తుకు ముందే అరిస్టాటిల్ తన నీతి గ్రంథంలో వివరించాడు. లోపల మారితే బయట మారుతుందన్నది ఎంత నిజమో, బయటి నుంచి లోపలికి మార్పు వస్తుందన్నదీ అంతే నిజం.

ఇంకో మాట. ఈ చికిత్స ఆమెను నవ్వమని అడగదు. వాకిట్లో కూర్చోమంటుంది, దండ కట్టమంటుంది, ఫోన్ తీయమంటుంది. అప్పుడు ఏడుపు వస్తే ఏడవవచ్చు. "నలుగురిలో నవ్వుతూ ఉండు, మన పరువు తీయకు, పెళ్ళికి వచ్చి మొహం వేలాడేసుకోకు" అని అడిగేది మనం. నటించమని నేర్పుతున్నది ఎవరు?

ఈజిప్టు ఎడారిలో జీవించిన పునీత అంతోనివారిని గురించిన పాత కథ ఒకటి ఉంది. ఆయన ఒకసారి తీవ్రమైన మనోభారంతో, ఎడతెగని ఆలోచనలతో కూర్చుని, రక్షణ పొందాలని ఉన్నా ఈ ఆలోచనలు వదలడం లేదని దేవునికి మొరపెట్టుకున్నాడట. బయటకు వచ్చి చూస్తే తనవంటి మనిషే ఒకడు కూర్చుని పని చేసుకుంటున్నాడు. కాసేపటికి లేచి ప్రార్థించాడు, మళ్ళీ కూర్చుని తాడు పేనాడు, మళ్ళీ లేచి ప్రార్థించాడు. అది దేవదూత అని కథ. ఉపన్యాసం కాదు, ఎలా చేయాలో చేసి చూపించాడు. ఆ మునుల మనోభారమూ నేటి వైద్యులు చెప్పే క్రుంగుబాటూ ఒకటే అని నేను అనను. వారి అనుభవాన్ని తీసుకువచ్చి జబ్బుపడ్డ స్త్రీకి సోమరితనమనే పాపం అంటగట్టడం ఘోరమైన పొరపాటు. క్రుంగుబాటు పాపం కాదు. పాపసంకీర్తనంలో చెప్పుకుని క్షమాపణ అడగవలసిన నేరమూ కాదు.

రెండవ ప్రశ్న ఇంకా కష్టమైనది, ఎందుకంటే దాని జవాబు మన సౌకర్యానికి అడ్డం వస్తుంది. పైన చెప్పిన ఇల్లాలికి నాలుగు మార్కులు తెచ్చింది పూలదండ. కానీ ఇంకొకరికి అది పాత సినిమా పాటలు వినడం కావచ్చు, స్నేహితురాలితో మార్కెట్టు దాకా నడిచి రావడం కావచ్చు, మానేసిన కుట్టుమిషన్ మళ్ళీ తీయడం కావచ్చు, గాయక బృందంలో తిరిగి చేరడం కావచ్చు. అప్పుడు ఇంట్లో మాట వస్తుంది. "పిల్లలను వదిలేసి పాటలు వింటుందట. ఇదేం జబ్బు, ఇదేం వైద్యం?" తల్లి అంటే త్యాగం అని ప్రతి మాతృ దినోత్సవానికీ వేదికల మీద చెబుతాం. త్యాగం గొప్పదే. కానీ త్యాగం చేసేది ఇష్టపూర్వకంగా ఇచ్చే మనిషి. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ మిగలని మనిషి నుంచి లాక్కునేది త్యాగం కాదు. ఇంటికి దీపం ఇల్లాలు అంటాం. ఆ దీపంలో నూనె పోసే పని ఎవరిదో సామెత చెప్పదు.

సంతోషాన్ని అనుమానంగా చూడవలసిన పని లేదని శ్రీసభ పెద్దలలో పెద్దవాడైన పునీత తోమాసు అక్వినాసు గారే రాశారు. తన మహాగ్రంథంలో దుఃఖానికి మందులు ఏమిటో చర్చిస్తూ ఆయన వరుసగా చెప్పినవి ఇవి: ఆనందం కలిగించే పని, కన్నీళ్ళు, స్నేహితుల సానుభూతి, సత్యాన్ని ధ్యానించడం, నిద్ర, స్నానం. పదమూడవ శతాబ్దపు సన్యాసి, దైవశాస్త్ర పండితుడు, దుఃఖంలో ఉన్నవారికి స్నానం, కంటినిండా నిద్ర వంటివి మేలు చేస్తాయని అంత గంభీరమైన గ్రంథంలో చోటిచ్చి రాయడం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగా ఉంటుంది. ఏ సంతోషమైనా, అలసటకు విశ్రాంతి లాగా, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ఆయన వాదన. మన ఇళ్ళలో ఎంతమంది స్త్రీలకు తలుపు వేసుకుని తీరికగా స్నానం చేసే పది నిమిషాలు దొరుకుతున్నాయో లెక్క వేసి చూడండి.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలికగా కొట్టివేయలేం. భర్త రోజూ తాగి వస్తాడు. అప్పులవాళ్ళు గుమ్మం ముందు నిలబడతారు. కట్నం మాటలు ఇంకా ఆగలేదు. అలాంటి ఇంట్లో ఉన్న స్త్రీని పూలదండ కట్టుకోమనడం పుండుకు పౌడరు రాయడం కాదా? జబ్బు ఇంటిదైతే వైద్యం ఆమెకెందుకు?

ఈ అభ్యంతరానికి సగం జవాబు ఆ చికిత్సలోనే ఉంది. ఫెర్‌స్టర్ గానీ లెవిన్‌సాన్ గానీ లోపం ఆమె బుర్రలో ఉందని అనలేదు. ఆమె బతుకు ఆమెకు తిరిగి ఇస్తున్నది తక్కువ అన్నారు. ఆ మాటను నిజాయితీగా వింటే వేలు ఆమె వైపు కాదు, ఆమె చుట్టూ ఉన్నవారి వైపు చూపుతుంది. గోవాలో కూడా పనుల పట్టికతో సరిపెట్టలేదు. ఎదురవుతున్న సమస్యలను ఒక్కొక్కటిగా ఎలా పరిష్కరించుకోవాలో కూర్చుని ఆలోచించారు, వీలైన చోట కుటుంబ సభ్యులను కూడా కూర్చోబెట్టారు. ఆ పరిశోధనలో మరొక సంగతి తేలింది. చికిత్స పొందిన స్త్రీలలో, భర్త చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పినవారు రెండవ జట్టులో కంటే తక్కువ. ఎందుకలా జరిగిందో ఆ లెక్క ఒక్కటే చెప్పలేదు. కానీ మంచం దిగిన స్త్రీకి, ఫోన్ తీసే స్త్రీకి, పక్కింటి గడప తొక్కే స్త్రీకి తన వైపు నిలబడే మనుషులు ఉంటారన్నది మనం ఊళ్ళలో చూస్తున్నదే.

మిగిలిన సగం జవాబు ఆ చికిత్సలో లేదు. కొట్టే ఇంట్లో ముందు కావలసింది ఆమె ప్రాణానికి రక్షణ. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, స్త్రీల సహాయం కోసం 181 నంబరు ఉంది. దెబ్బలకు ఓర్చుకోవడాన్ని సిలువ మోయడంతో పోల్చి ఓదార్చే అలవాటు మనలో కొందరికి ఉంది. అది ఓదార్పు కాదు.

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటాను. "లేచి పని చేసుకో" అనే మాటలో తీర్పు ముందే ఉంది, ఆమె సోమరి అని. ఏ పని అన్నది కూడా ముందే నిర్ణయమైపోయింది, మాకు కావలసిన పని అని. లేవడం మాత్రం పూర్తిగా ఆమె భారం. చికిత్సలో అడిగేది నీకు ఏది విలువైనది అని. మెట్టు ఆమె ఎక్కగలిగినంత ఎత్తులోనే ఉంటుంది. పక్కన ఒక మనిషి ఉంటుంది, వచ్చే వారం మళ్ళీ వస్తుంది. అందుకే చెప్పిన మాట దాదాపు ఒకటే అయినా ఒకటి గాయం చేస్తుంది, ఒకటి మాన్పుతుంది.

భర్తలకూ అత్తమామలకూ కొన్ని సంగతులు సూటిగా చెప్పాలి. పురుషుల కంటే స్త్రీలలో క్రుంగుబాటు సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాన్పు తరువాతి నెలలలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆమె "దిగులుగా ఉంది" అని చెప్పకపోవచ్చు. తలనొప్పి, గుండెదడ, నీరసం, నిద్ర పట్టకపోవడం అని చెబుతుంది. రక్తపరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరు అంటే, "ఏమీ లేదట, అంతా నీ అనుమానం" అనకండి. ఆమె శనివారం ఐదున్నరకు అరుగు మీద కూర్చోవాలని రాసుకుంటే, ఐదూ ఇరవైకి బిడ్డను మీరు ఎత్తుకోండి. అది ఆమెకు మీరు చేసే ఉపకారం అనుకోవద్దు, చికిత్సలో మీ వంతు. ఆ అరగంట గురించి తరువాత ఎత్తిపొడవకండి. కూర వేడి చేసుకోవడం, పిల్లవాడి యూనిఫారం ఇస్త్రీ చేయడం మగవాళ్ళకు రాని విద్యలు కావు. మన విచారణలలోని మరియదళం సభ్యులు ఇళ్ళు దర్శించేటప్పుడు ప్రార్థన ముగించి వెంటనే లేచిపోకుండా, "వచ్చే గురువారం నాలుగింటికి వస్తాను, ఇద్దరం కలిసి చెరువుగట్టు దాకా నడిచి వద్దాం" అని చెప్పి, అలాగే రాగలరు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతంలోనూ గర్భిణులకు, బాలింతలకు ఇటువంటి సాయం చేయడానికి తర్ఫీదు ఇచ్చింది ఆ ఊళ్ళలోని మామూలు తల్లులకే. గోవాలో వారిని సఖులు అని పిలిచారు.

చివరిగా జాగ్రత్తలు. డాక్టరు మందులు రాసి ఉంటే, ఈ వ్యాసం చదివి ఆపివేయవద్దు. మందులూ ఈ చికిత్సా కలిసి నడవవచ్చు. ఆమె చావు మాట ఎత్తినా, "నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు" అన్నా, దాన్ని బెదిరింపు అనుకోకండి, ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. తీవ్రమైన మానసిక బాధ మనిషి బాధ్యతను తగ్గిస్తుందని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఆత్మహత్యల గురించి రాస్తూ స్పష్టంగా చెప్పింది కాబట్టి, అటువంటి మరణం జరిగిన ఇంటిని వెలివేసినట్టు చూడడం కూడా మానాలి. డాక్టరు దగ్గరలో లేకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఆమె చేయలేకపోతే ఇంట్లోవారెవరైనా చేయవచ్చు.